ఇంటి చెట్టు

మా కీర్తిప్రియ వాళ్ళ బళ్ళో కూరగాయల తోట వేసిన నాటి నుంచి నా వంటింట్లో నాకు పెత్తనం పోయింది. ఉల్లిపాయ తొక్క పారేయాలన్నా దాన్ని అడగాల్సి వచ్చేది. గట్టు కింద మూడు బకెట్లు పెట్టింది. ఒకటి కూరగాయల తొక్కలకు, ఒకటి బియ్యం కడిగిన నీళ్ళకు, ఒకటి వాడేసిన టీ పొడికి. ఈ మూడోదాంట్లో గుడ్డు పెంకులు కూడా వేయాలట. మేం కోమట్లం, మా ఇంట్లో గుడ్డు మాట ఎత్తరు. అందుకని అది పక్కింటివాళ్ళని అడిగి సంచీడు పెంకులు తెచ్చి, సరిగ్గా మా అత్తగారి మంచినీళ్ళ బిందె పక్కన పెట్టింది. ఆ రోజు ఇంట్లో జరిగిన రభస గురించి చెప్పను.

ఇదంతా పోయినేడు దీపావళి వెళ్ళాక మొదలైంది. దానికి పాఠం చెప్పే షాలోమి మేడం సైన్సు టీచరు. ఏడో తరగతి పిల్లలందరినీ పోగేసి, బడి వెనకాల ముళ్ళకంప పెరిగిన జాగాని బాగుచేయించి మడులు కట్టించింది. తోటకూర, గోంగూర, బెండ, టమాటా, గోడ పక్కన సొరపాదు. ఒక్క చుక్క మందు కొట్టకూడదు, ఒక్క పిడికెడు యూరియా వేయకూడదు, పండిందంతా మధ్యాహ్న భోజనంలోకే వెళ్ళాలి. అదీ ఆవిడ పెట్టిన నియమం. ఈ మొత్తానికీ నాయకురాలు మా అమ్మాయి. పన్నెండేళ్ళ పిల్లకి నాయకత్వం ఇస్తే ఏమవుతుందో ఆ మేడంకి తెలియదు. ఆవిడకింకా పెళ్ళి కాలేదు.

"అమ్మా, పుల్లటి మజ్జిగ ఉందా?" అని అడిగిందొక రోజు.

"ఉంది. అన్నంలోకా?"

"కాదు, పేనుబంకకి. టమాటా ఆకుల కింద పట్టింది. ఇంగువ కూడా కావాలి. రెండూ కలిపి కొడితే పోద్దంట."

"ఇంగువా? పులిహోరలోకే చిటికెడు చిటికెడు చూసుకుని వేస్తన్నాను నేను. పురుగులకి పులిహోర చేసి పెడతావా ఏంటి?"

మా అత్తగారు శకుంతలమ్మ వసారాలోంచి అందుకున్నారు. "ఇవ్వవే ప్రమీలా. నీ పులిహోర తిని మేము బతికున్నాం, అవి మాత్రం చస్తాయంటావా?"

ఈవిడ ఎప్పుడు ఎవరి వైపో నాకు పెళ్ళై పదహారేళ్ళైనా అర్థం కాలేదు.

మా ఆయన ప్రేమ్‌చంద్ మామిడి వ్యాపారి. నూజివీడు దాటాక ఆగిరిపల్లి రోడ్డు మీద మా ఇల్లు, ఇంటి వెనకాలే మా సొంత తోట. అది కాక చుట్టుపక్కల తోటలు పూత మీద కొంటారు. చెట్టుకి పూత కనపడగానే రైతుకి డబ్బు ముట్టజెప్పి ఆ ఏటి కాపంతా తీసేసుకోవడమన్నమాట. అక్కణ్ణుంచి కాయ కోసే దాకా నీళ్ళు, మందులు, కాపలా, వడగళ్ళు పడితే గుండెపోటు, అన్నీ కొన్నవాడివే. బడి ఆవరణలో మూడు పెద్ద రసం మామిడి చెట్లున్నాయి. వాటి కాపు ఏటా వేలం పాట పెడతారు, ఏటా మా ఆయనే పాడతారు. పిల్లల మడులు ఆ మూడు చెట్లకి ఆనుకుని తూర్పు పక్కన ఉన్నాయి. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది.

ఒక సాయంత్రం బకెట్లు మోయలేకపోతున్నానని నన్ను కూడా బడికి లాక్కెళ్ళింది కీర్తి. తిట్టుకుంటూనే వెళ్ళాను. తీరా చూస్తే, తోటకూర మోకాలెత్తు పెరిగి నిగనిగలాడుతోంది. పిల్లలు కంచాలు కడిగిన నీళ్ళు చిన్న కాలువలో పారి మడుల్లోకి వస్తున్నాయి. మడుల మీద రాలిన మామిడాకులు పరిచారు. ఆ ఆకుల్ని మా ఆయన మనుషులు ఏటా పోగేసి తగలబెట్టేవాళ్ళు. నేను ఒక ఎర్ర పురుగుని దులపబోతే కీర్తి నా చెయ్యి పట్టుకుంది.

"అక్షింతల పురుగమ్మా. దాన్నేం చెయ్యకు. పేనుబంకని తినేది అదే."

"సరేలే. నీ చుట్టాన్ని నువ్వే చూసుకో."

"సోమవారం బళ్ళో తోటకూర పప్పు. మేమే కోస్తాం, మేమే కడుగుతాం. ఆయమ్మ వండుద్ది. నువ్వు కూడా రావాలి." ఆ మాట చెబుతున్నప్పుడు దాని ముఖం చూసి, నా ఇంగువ డబ్బా ఖాళీ అయిందన్న కోపం కూడా పోయింది.

"మరి మీ నాన్న చెట్లకి మందు కొట్టిస్తారు కదే?" అన్నాను.

"నాన్నకి చెప్పాను. ఇక్కడ కొట్టొద్దన్నాను. సరే అన్నారు. మేడంకి కూడా చెప్పేశాను, మా నాన్న కొట్టరని."

ఆయన సరే అన్నారు, నిజమే. నేను కూడా విన్నాను. లారీవాడితో ఫోన్లో గొడవ పడుతూ, మధ్యలో దీని వైపు తిరిగి, "సరే సరేలే, పో," అన్నారు. ఆ సమయంలో ఇల్లు రాసిమ్మన్నా సరే అనేవారు.

ఆ వారం రెండో శనివారం వచ్చింది. బడికి సెలవు. మందు కొట్టేవాళ్ళకి అంతకన్నా మంచి రోజు ఉండదు. పిల్లలుండరు, అడ్డు చెప్పే వాళ్ళుండరు. మా సవరయ్య ముఠా ట్రాక్టరు మీద మందు ట్యాంకు పెట్టుకుని, పొడుగు పైపులు లాక్కుంటూ తోటలన్నీ కొట్టుకొచ్చి, అలవాటు ప్రకారం బడిలోకి కూడా వెళ్ళి మూడు చెట్లనీ నిలువునా తడిపేసింది.

సోమవారం పప్పు తిందామని పట్టుచీర కాకపోయినా మంచి చీరే కట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గరికి రాగానే ముక్కుకి తగిలింది ఆ వాసన. మా ఇంట్లో ఏడాదికి నాలుగు నెలలు ఉండే వాసనే. పిల్లలంతా మడుల చుట్టూ నిలబడి ఉన్నారు. తోటకూర ఆకుల మీద తెల్లటి మచ్చలు ఎండిపోయి ఉన్నాయి. అందరూ కీర్తి వైపే చూస్తున్నారు.

షాలోమి మేడం నన్ను పక్కకి పిలిచారు. "ప్రమీల గారూ, సారుకి ఒకసారి ఫోన్ చేస్తారా? ఏం మందు కొట్టారో, ఎన్ని రోజుల తర్వాత తినొచ్చో కనుక్కోండి."

చేశాను. ఆయన మార్కెట్ యార్డులో ఉన్నారు. "అయ్యో, బడి సంగతి సవరయ్యకి చెప్పడం మర్చిపోయానే," అన్నారు. అంతలోనే గొంతు మార్చారు. "అయినా ఇంతోటి దానికి ఏంటి? ఉప్పు నీళ్ళలో నాలుగుసార్లు కడిగి వండుకుంటే పోద్ది. దేశమంతా తింటన్నారు."

ఫోన్ పెట్టేశాక ఆ మాటే మేడంకి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే నాకూ ఏదో ఒకటి అనడానికి వీలుండేది. "మీరైతే వండుతారా అండీ?" అని మాత్రం అడిగారు.

నేను చీర కొంగు సర్దుకున్నాను.

ఆ మధ్యాహ్నం పిల్లలు తోటకూరంతా పీకి, మూలన గొయ్యి తీసి పూడ్చేశారు. ఎరువు గుంతలో కూడా వేయడానికి లేదన్నారు మేడం. బెండ పిందెలు, టమాటాలు అన్నీ అందులోకే వెళ్ళాయి. ఆ రోజు పిల్లలకి మామూలుగా వండే నీళ్ళ సాంబారే పెట్టారు. కీర్తి అన్నం తినలేదని సాయంత్రం ఆయమ్మ చెప్పింది. దాన్ని బళ్ళో "మందు వాళ్ళమ్మాయి" అంటున్నారని కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను. పిల్లకిచ్చిన మాట, పదిమందిలో పరువు, ఇంకా చాలా అన్నాను. ఆయనా ఊరుకోలేదు. "మందు కొట్టకపోతే తేనెమంచు పురుగు పూతంతా పీల్చి పారేస్తది. అప్పుడు మీకు తోటకూర పప్పు కాదు, గంజి కూడా ఉండదు. నేనేమన్నా సరదాకి కొట్టిస్తన్నానా?" అన్నారు. అందులో తప్పు పట్టడానికి లేదు. రెండు మూడేళ్ళుగా మా వైపు పూతలు నిలబడక ఎన్ని తోటలు నరికేశారో నాకూ తెలుసు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో నేను.

కీర్తి మాత్రం వాళ్ళ నాన్నని ఒక్క మాట అనలేదు. నాయకత్వం వద్దని మేడంకి చెప్పేసింది. బకెట్ల జోలికి పోలేదు. పీడ విరగడైందని నేను సంతోషించాలి కదా? రోజూ కూర తరిగి, ఆ తొక్కలు తీసుకెళ్ళి నేనే ఆ బకెట్లో వేసేదాన్ని. అవి నిండి, కుళ్ళి, దోమలు మూగాయి. మా అత్తగారు ముక్కు మూసుకుని తిట్టేవారు. పారబోయడానికి నాకు చేతులు రాలేదు, ఎందుకో చెప్పలేను.

సంక్రాంతి వెళ్ళాక ఒక రాత్రి భోజనాల దగ్గర కూర్చున్నాం. మర్నాడు మా సొంత తోటకి మందు. దానికి ముందు రోజు మా ఇంట్లో ఒక పని ఉంటుంది. మా మామగారు నాటిన పెద్ద రసం చెట్టొకటి నూతి పక్కన ఉంది. దాన్ని ఇంటి చెట్టంటాం. మా వైపు తోట కాపు అమ్ముకున్న రైతు కూడా ఒక చెట్టుని అమ్మకంలో కలపకుండా ఇంటికని ఉంచుకుంటాడు. తినడానికి, పచ్చడికి, చుట్టాలకి పంపడానికి అవే కాయలు. ఆ చెట్టు మొదలుకి పసుపులో ముంచిన గుడ్డ కడతారు. గుడ్డ కట్టిన చెట్టు జోలికి కొనుక్కున్నవాడు రాడు, కూలివాడు రాడు. మందు గొట్టం దాని వైపు తిరగదు. ఏటా ఆ గుడ్డకి పసుపు కలిపేది నేను, కట్టేది మా అత్తగారు.

"గుడ్డ ఆరిందా ప్రమీలా?" అన్నారు అత్తగారు మజ్జిగ పోసుకుంటూ.

"ఆరిందండీ."

ఆయన ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని సవరయ్యతో మాట్లాడుతున్నారు. "పొద్దున్నే వచ్చెయ్. నూతి పక్కన గుడ్డ కట్టిన చెట్టుంది చూడు, దాని మీద మాత్రం చుక్క పడనీకు. అది మేం తినేది."

కీర్తి కంచంలోంచి తలెత్తింది.

"మరి మిగతా చెట్లవి ఎవరు తింటారు నాన్నా?"

"అవా? లారీలకెక్కి పోతయ్యి. ఢిల్లీ, నాగపూరు."

"అక్కడ ఎవరు తింటారు?"

"కొనుక్కున్నోళ్ళు తింటారు. అదేం ప్రశ్నే?"

కీర్తి తలూపింది. పెరుగు వేసుకుని, అన్నం శుభ్రంగా కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిని లేచింది. కంచం తనే కడిగి బోర్లించింది. అత్తగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళుగా ఆ గుడ్డకి పసుపు కలుపుతున్నాను, ఆ కాయలే చీకుతున్నాను, ఇంత చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదని మండింది. దీనికి తట్టిందని ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్న చూస్తే గట్టు కింద బకెట్లు మూడూ లేవు. కడిగి, ఎండలో బోర్లించి ఉన్నాయి. మళ్ళీ మొదలైంది. మళ్ళీ విత్తనాలు, మళ్ళీ మజ్జిగ. ఈసారి పదిమందీ కలిసి మడుల చుట్టూ బంతి నారు కూడా పోశారట. మేడం మళ్ళీ నాయకురాల్ని చేస్తానంటే వద్దందట, నీళ్ళు పోసే పని చాలందట. తోటకూర మళ్ళీ జానెడెత్తు లేచేసరికి మామిడి చెట్ల మీద బఠాణీ గింజంత పిందె పడింది. ఆ పిందె కనపడిందంటే రెండో మందు పడాల్సిందే.

"నాన్నా, ఈసారి బళ్ళో కొట్టరుగా?" అని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. నేనే అడిగాను.

"ఆ మూడు చెట్లకీ నేను డబ్బు కట్టాను ప్రమీలా," అన్నారాయన. "మడుల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పుకోమను. ఎవరొద్దన్నారు?"

ఆదివారం వచ్చింది. రెడ్డిగూడెంలో గృహప్రవేశానికి వెళ్ళాలి. నా పసుపు రంగు వెంకటగిరి చీర కట్టుకుందామని బీరువా తీశాను. మా అమ్మ పెట్టిన చీర, ఎర్ర అంచు. పైన లేదు, కింద లేదు. బీరువా అంతా మంచం మీద కుమ్మరించాను. చాకలికి వేశానా? చెల్లెలికిచ్చానా? కీర్తిని పిలిచాను. పలకలేదు. "పొద్దున్నే నీళ్ళు పోయాలని బడికెళ్ళింది," అన్నారు అత్తగారు. కత్తెర కూడా కనపడటం లేదని అన్నది ఆవిడే.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఆయన ఇడ్లీ తింటున్నారు, చెయ్యి ఖాళీ లేక స్పీకరు పెట్టారు.

"బాబూ, బడి కాడున్నామండి," అన్నాడు సవరయ్య. "ఈ మూడు చెట్లకీ పసుపు గుడ్డలు కట్టున్నయ్యండి."

"ఏంటి?"

"పసుపు గుడ్డలండి. ఎర్రంచు కూడా ఉంది. ఇంటి చెట్లు చేసేసుకున్నారా అండి? మాకు చెప్పలేదు."

నేను మంచం మీద బట్టల మధ్య కూలబడ్డాను. నా వెంకటగిరి చీర! మూడు ముక్కలు! ఆ పిల్లని ఇంటికి రానీ, వీపు చీరేస్తాననుకున్నాను.

"నేను కట్టమన్లేదు," అన్నారాయన.

"అట్నా అండి? మరి విప్పేసి కొట్టమంటారా?"

ఆయన ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి అలాగే పట్టుకున్నారు. అత్తగారు వసారాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటున్నారు. ఆవిడ ఏమన్నా అంటారేమోనని చూశాను. చేతులు ఆపి కొడుకు వైపే చూస్తున్నారు. కట్టిన గుడ్డ విప్పమని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"బాబూ, వినపడతందా అండి? ట్యాంకులో మందు కలిపేశామండి."

"వినపడతంది," అన్నారాయన. "నువ్వు ఆగిరిపల్లి తోటలోకి పో. అక్కడ కొట్టు. బడి సంగతి తర్వాత చూద్దాం."

ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

కీర్తి మధ్యాహ్నానికి వచ్చింది. వీపు చీరేద్దామని లేచిన దాన్ని, దాని చేతిలో మిగిలిన పమిట చెంగు ముక్క చూసి కూర్చున్నాను. "ఇది నీకే ఉంచానమ్మా, కత్తిరించలేదు," అంది. ఏదో పెద్ద ఉపకారం చేసినట్టు! తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టాను. ఆ గృహప్రవేశానికి ఏదో పాత చీర కట్టుకుని వెళ్ళాను.

మార్చి మొదట్లో బళ్ళో తోటకూర పప్పు వండారు. నన్ను పిలిచారు, పిల్లల వరసలో నేలమీద కూర్చోబెట్టి వడ్డించారు. నాకు పక్కన కూర్చున్న ఆడపిల్ల, "ఇది మా మడిలోదండీ," అంది. అవతలి పిల్ల, "కాదు, మాది," అంది. కీర్తి అందరికీ నీళ్ళు పోస్తోంది. ఎవరో "కీర్తీ, ఇటు కూడా పొయ్యవే," అని మామూలుగా కేకేశారు. ఆ కేక వినేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పప్పులో కారం ఎక్కువైందని చెప్పి తుడుచుకున్నాను.

చిన్న డబ్బాలో వాళ్ళ నాన్నకి కూడా తెచ్చింది. ఆయన మొత్తం తిని, "ఉప్పు తగ్గింది," అన్నారు. ఈ మనిషికి ఏం చెప్పాలి?

అంతా మంచే జరిగిందని చెబితే అబద్ధం. రెండో మందు పడని ఆ మూడు చెట్లకీ పురుగు పట్టింది. పిల్లలు వేపగింజల కషాయం కాచి కొట్టారు గానీ అది కింది కొమ్మలకే అందింది. పైకొమ్మల్లో ఆకులన్నీ జిగురు కారి నల్లగా మసిబారాయి. పిందె సగం రాలిపోయింది. "చూశావా? చూశావా?" అంటూ ఆయన రోజూ సాయంత్రం వచ్చి నాకు లెక్క చెప్పేవారు, నేనే వెళ్ళి ఆ పురుగుని పిలుచుకొచ్చినట్టు. మే నెలలో మిగిలిన కాయ కోయించి యార్డుకి పంపితే, మసి మచ్చలున్నాయని ఒక్కరూ ముట్టుకోలేదు. ఆ కాయంతా తిరిగి మా వసారాలోకే వచ్చింది. ముక్కలు, మాగాయి, తాండ్ర, పక్కిళ్ళకి పంపకాలు, నా నడుం పడిపోయింది. ఎండలో తాండ్ర చాపలు తిప్పుతూ ఆ మేడంని, ఆ తోటని, ఈ ఇంటినీ కలిపి తిట్టుకున్నాను.

ఒక సాయంత్రం వసారా మెట్టు మీద కూర్చుని ఆయన బడి చెట్టు పండొకటి తీసుకున్నారు. పంచె అంచుతో మసి తుడిచి, మెత్తగా పిసికి, ముచిక తీసి చీకారు. అది అవగానే ఇంకోటి తీసుకున్నారు. కడగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. కీర్తి కిటికీ అవతల కూర్చుని ఏదో చదువుకుంటోంది, చదువుకుంటున్నట్టు కూర్చుంది.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"రసం బాగుంది. ముఖమే బాలేదు."

"మరి వచ్చే ఏడు మన తోటలో మిగతా చెట్ల సంగతేంటి?"

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. టెంక గిరాటేశారు. "ఏంటే నువ్వు కూడా? అది సాలదా? ఎన్ని వందల చెట్లున్నయ్యో తెలుసా? అన్నిటికీ గుడ్డలు కట్టడానికి నీ దగ్గర అన్ని చీరలున్నాయా?"

నేను లోపలికొచ్చాను. కిటికీ అవతల పుస్తకం మూసిన చప్పుడు వినపడింది. ఈ పిల్లని నమ్మడానికి లేదు. గబగబా వెళ్ళి బీరువాలో చీరలు సర్ది, తలుపు గట్టిగా నొక్కి తాళం వేశాను.

తాళం చెవి ఎప్పుడూ బియ్యం డబ్బాలో దాస్తాను. ఆ రోజు మాత్రం గుమ్మం పక్కన, దానికి అందే ఎత్తులో ఉన్న మేకుకి తగిలించి, వంట చేసుకోవడానికి వెళ్ళిపోయాను.